నివేదిక ఇచ్చి వెళ్లేవారా, పక్కన కూర్చుని నేర్పేవారా?

స్థానిక ప్రభుత్వాల ఆర్థిక సంస్కరణలకు సాంకేతిక సహాయం ముఖ్యంగా రెండు దారుల్లో అందుతుంది. ఒకటి, కొన్ని వారాలకు వచ్చే నిపుణుల బృందం. ఖర్చు తక్కువ. ప్రభుత్వాలు డబ్బును ఎలా నిర్వహిస్తున్నాయో అంచనా వేసేందుకు 2001లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమం పెఫా (PEFA) వంటి వాటి కొలమానాలతో బడ్జెట్ ఎక్కడ గాడి తప్పుతోందో త్వరగా తేల్చేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచని నగరానికి ఇది మేలే.

రెండోది, లెక్కల విభాగంలోనే నెలల తరబడి ఉండే సలహాదారు. ఖరీదైనదే, అయినా నా మొగ్గు ఇటే. నగదు పుస్తకంలోని నిల్వకూ బ్యాంకు స్టేట్‌మెంటుకూ తేడా వచ్చినప్పుడు, ఏ చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదో గుమస్తాతో కలిసి వెతకడం నివేదిక వల్ల అయ్యే పని కాదు. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 2020 నాటి ఆస్తిపన్ను సంస్కరణ చూడండి. విస్తీర్ణంతో సరిపెట్టకుండా పైకప్పు, గోడలు, కిటికీల వంటి కంటికి కనిపించే వాటికి పాయింట్లు ఇచ్చి విలువ కట్టారు. అలాంటి వివరాలను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాల్సింది నగర సిబ్బందే. ఆ పనిలో చేయి తిరగడానికి సమయం పడుతుంది.

ఒక ప్రమాదం మాత్రం ఉంది. సలహాదారే పద్దులు రాయడం మొదలుపెడితే, ఆయన వెళ్లగానే పని ఆగిపోతుంది. అలా రాయకూడదని ఒప్పందంలోనే స్పష్టంగా చెప్పాలి.