బార్టోక్ ‘పిల్లల కోసం’: బహుళ సంస్కృతుల తరగతికి ఎంతవరకు పనికొస్తుంది?

జానపద గీతాలను పియానోకు అమర్చిన పుస్తకాలలో ఉపాధ్యాయులు తరచుగా ఆశ్రయించేది హంగేరియన్ స్వరకర్త బేలా బార్టోక్ రచించిన ‘పిల్లల కోసం’. 1908, 1909 సంవత్సరాలలో రాసిన ఈ సంపుటిలో మొదట 85 చిన్న రచనలుండేవి. 1943లో ఆయనే దానిని సవరించి 79కి కుదించారు. మొదటి భాగంలో హంగేరియన్ బాణీలు, రెండవ భాగంలో స్లోవాక్ బాణీలు ఉన్నాయి. ఈ సమీక్ష ఆ సవరించిన కూర్పును గురించినది.

పియానో పాఠంగా దీనికి వంక పెట్టడం కష్టం. చిన్న చేతులకు ఆక్టేవ్ (ఒక స నుంచి పై స వరకు ఉన్న దూరం) అందదన్న సంగతిని దృష్టిలో పెట్టుకునే ఇవి రాయబడ్డాయి. చాలా రచనలలో బాణీ మొదటిసారి తేలికైన తోడుతో వినిపించి, తిరిగి వచ్చేసరికి ఎడమచేతి పని మారిపోతుంది. పాట అదే అయినా దాని రంగు మారిందని సిద్ధాంతమేమీ తెలియని పిల్లలు సైతం చెవితోనే పట్టేస్తారు. ఐదు స్వరాల బాణీలు, డోరియన్ వంటి పాత మోడ్‌లు (స్వరాల వరుసలు), స్లోవాక్ పాటలలో నాలుగో స్వరం పైకి జరిగే లిడియన్ పోకడ, ఇవన్నీ పాశ్చాత్య సంగీతంలో మామూలుగా వాడే మేజర్, మైనర్ వరుసలకే అలవాటు పడిన చెవిని వాటి అవతలికి తీసుకువెళతాయి.

చిక్కు వచ్చేది సంస్కృతిని నేర్పే దగ్గర. స్వరాల కింద పాట మాటలు లేవు. హంగేరియన్‌లో ప్రతి పదానికీ మొదటి అక్షరం మీదే ఊనిక పడుతుంది కనుక ఆ పాటలు సాధారణంగా తాళంలోని బలమైన దెబ్బ మీదే మొదలవుతాయి. పొట్టి స్వరం వెంట పొడుగు స్వరం వచ్చే నడక కూడా ఆ భాష ఉచ్చారణ నుంచి వచ్చినదే. మాటలు వినని విద్యార్థి దానిని లెక్క పెట్టుకుని వాయిస్తాడు, పలకడు. పల్లెగొంతులోని జారుళ్లు, గమకాలు పియానో మెట్ల మీద ఎలాగూ నిలవవు. బార్టోక్ మాత్రం ఫోనోగ్రాఫ్ (ఆనాటి ధ్వనిముద్రణ యంత్రం) మోసుకుని పల్లెలు తిరిగి, పాడేవారి నోట పాటలు విన్న మనిషి. అందుచేత మూల గీతం పాడగా రికార్డు చేసినది ముందు వినిపించి, పిల్లల చేత కొంత పాడించి, ఆ తరువాతనే పియానో మూత తెరవాలని నా అభిప్రాయం.

మరొక మాట. స్లోవాక్ ప్రాంతం హంగేరీ రాజ్యంలో భాగంగా ఉన్న రోజులలో ఆ ప్రజల పాటలకు హంగేరియన్ పాటలతో సమానమైన చోటిచ్చిన పుస్తకమిది. తరగతిలో చర్చకు ఇంతకన్నా మంచి ప్రవేశం దొరకదు. అయితే ఇది రెండు పొరుగు జాతుల సంగీతమే తప్ప ప్రపంచ జానపద సంగీతం కాదు. అలా పరిచయం చేసే ఉపాధ్యాయులు పుస్తకం మీద మోయలేని భారం పెడుతున్నారు. నేనైతే దీనిని మాదిరిగా వాడుకోమంటాను: తరగతిలోని ఒక పిల్ల తన ఇంటి జోలపాట పాడితే, దాని కింద ఎడమచేతితో ఒకే షడ్జ పంచమాలను (స, ప స్వరాలను) నిలిపి చూసి, ఆ తోడు పాటకు నప్పిందో లేదో ఆ పిల్లనే చెప్పమనాలి.