ఇటలీ కుర్ర స్ట్రైకర్‌కు ఏది మేలు: పెద్ద క్లబ్ బెంచా, రెండో జట్టా, సెరీ బి లోనా?

నేపుల్స్‌కు దగ్గర్లోని కస్తెల్లమ్మారె ది స్తాబియా నుంచి వచ్చిన ఎస్పొజితో అన్నదమ్ములు ముగ్గురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లే. పెద్దవాడు సాల్వతోరె మిడ్‌ఫీల్డర్. రెండోవాడు సెబస్తియానో, చిన్నవాడు ఫ్రాంచెస్కో పియో ఇద్దరూ ఫార్వర్డ్‌లు, ఇద్దరూ మిలాన్ నగరంలోని ఇంటర్ క్లబ్ అకాడమీలో పెరిగారు. ఇద్దరూ సరిగ్గా 18 ఏళ్లకే ఇల్లు లాంటి క్లబ్‌ను వదిలి ఇటలీ రెండో అంచె లీగ్ అయిన సెరీ బికి (పైది సెరీ ఎ, కిందివి సెరీ సి, డి) లోన్‌పై, అంటే కొంతకాలం వేరే క్లబ్‌కు ఆడటానికి, వెళ్లారు. అక్కడి నుంచి దారులు విడిపోయాయి. ఇటలీలో కుర్ర ఆటగాడికి ఏ దారి మేలన్న ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

ముందుగా వెలుగులోకి వచ్చింది సెబస్తియానో. 2019 మార్చిలో, 16 ఏళ్లకే, యూరోపా లీగ్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌పై ఇంటర్ తరఫున దిగాడు. అదే ఏడాది డిసెంబర్ 21న జెనోవాతో మ్యాచ్‌లో ఇంటర్‌కు పెనాల్టీ వచ్చింది. కొట్టాల్సింది జట్టు ప్రధాన స్ట్రైకర్ లుకాకు. అతను బంతి తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టాడు, కుర్రాడు గోల్ కొట్టాడు. 17 ఏళ్ల పిల్లాడికి ఇంటర్ మైదానం సాన్ సీరోలో అంతకు మించిన రోజు ఉండదు. కానీ ముందు వరుసలో లుకాకు, లౌతారో మార్తినెజ్ ఉన్న జట్టులో మూడో, నాలుగో ఫార్వర్డ్‌కు మిగిలేవి చివరి పది నిమిషాలే. ప్రాక్టీస్ ఎంత గొప్పదైనా మ్యాచ్ లోటు తీరదు.

2020లో లోన్లు మొదలయ్యాయి. స్పాల్‌కు వెళ్లాడు, జనవరిలో అక్కడి నుంచి వెనెజియాకు. తర్వాతి సీజన్ స్విట్జర్లాండ్‌లో బాసెల్. ఆ తర్వాత బెల్జియంలో ఆండర్‌లెక్ట్, మళ్లీ జనవరిలో బారి. మూడు సీజన్లలో ఐదు క్లబ్‌లు, మూడు దేశాలు. ప్రతిచోటా కొత్త కోచ్, కొత్త ఆట పద్ధతి. ఒకచోట రెండో స్ట్రైకర్, ఇంకోచోట వింగర్, మరోచోట సబ్‌స్టిట్యూట్. ఆటలో లోపం లేదనడానికి సాక్ష్యం తర్వాత వచ్చింది: 2024-25లో ఎంపోలికి పూర్తి సీజన్ ఆడి సెరీ ఎలో 8 గోల్స్ కొట్టాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. మధ్యలో కరిగిపోయిన సంవత్సరాలే అసలు నష్టం.

పియో 2023లో స్పెజియాకు వెళ్లాడు. అన్న సాల్వతోరె అప్పటికే అక్కడ ఆడుతున్నాడు, అది మంచి ఆసరా. అయినా మొదటి సీజన్ అంకెలు చూస్తే ఎవరైనా పెదవి విరుస్తారు: 3 గోల్స్. జట్టు సెరీ సికి జారిపోయే ప్రమాదంతో పోరాడుతూ గడిపింది. ఇలాంటప్పుడు చాలా క్లబ్‌లు కుర్రాణ్ని వెనక్కి పిలిచి వేరేచోటికి పంపేస్తాయి. ఇంటర్ ఆ పని చేయలేదు, మరో ఏడాది అక్కడే ఉంచింది. అదే కోచ్ లూకా దాంజెలో, అదే జట్టు, అదే సెంటర్ ఫార్వర్డ్ స్థానం. రెండో ఏడాది లీగ్‌లో 17 గోల్స్. స్పెజియా మూడో స్థానంలో నిలిచి సెరీ ఎకి ఎక్కే ప్లేఆఫ్ ఫైనల్ దాకా వెళ్లి క్రెమొనేజె చేతిలో ఓడింది.

మొదటి ఏడాది గోల్స్ రాకపోయినా అతనికి అబ్బిన పని ఒకటుంది. సెరీ బి సెంటర్ బ్యాక్‌ల్లో 30 దాటినవాళ్లు, సెరీ ఎలో ఆడి వచ్చినవాళ్లు చాలామంది. రిఫరీ చూపు పడని చోట మోచేయి ఎక్కడ పెట్టాలో, చొక్కా ఎప్పుడు లాగాలో వాళ్లకు తెలుసు. ప్రిమవేరాలో, అంటే యూత్ లీగ్‌లో, పియోలా ఆరడుగులు దాటిన కుర్రాడు తోటివాళ్లను బలంతోనే నెట్టేయగలడు. సెరీ బిలో ఆ బలం ఒక్కటే చాలదు. గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకోవడం, డిఫెండర్ ఒత్తిడిని వీపుతోనే పసిగట్టడం, అతను ఏ వైపు వాలితే దానికి ఎదురు వైపు తిరగడం నేర్చుకోవాల్సిందే. 2025 జూన్‌లో సియాటిల్‌లో, క్లబ్ వరల్డ్ కప్‌లో రివర్ ప్లేట్‌పై పియో కొట్టిన గోల్ అచ్చంగా అదే: సహచరుడు సూచిచ్ ఇచ్చిన పాస్‌ను గోల్‌కు వీపు పెట్టి అందుకున్నాడు, తిరిగాడు, నేలబారుగా కొట్టాడు. సెప్టెంబర్‌లో ఇటలీ జాతీయ జట్టుకు ఆడాడు. అదే నెలలో సెరీ ఎలో మొదటి గోల్ కూడా కొట్టాడు, అదీ సెబస్తియానో చేరిన కాల్యరి జట్టుపైనే.

కాబట్టి లోన్ మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా, ఏ లోన్ అని అడగాలి. ఫార్వర్డ్‌కైతే ఒకే క్లబ్‌లో రెండు పూర్తి సీజన్లు కావాలి. ఒక్క సీజన్ లోన్‌లో మొదటి మూడు నెలలు జట్టుకు అలవాటు పడటానికే పోతాయి, చివరి రెండు నెలలు తర్వాత ఎక్కడికన్న ఆలోచనతో పోతాయి.

రెండో జట్టు, అంటే పెద్ద క్లబ్ తన కుర్రాళ్లతో విడిగా నడిపే జట్టు, దాని దారి సంగతి వేరు. 2018లో యువెంతస్ అండర్-23 పేరుతో ఈ పద్ధతి మొదలుపెట్టింది, 2022లో దాని పేరును నెక్స్ట్ జెన్‌గా మార్చింది. 2023లో అటలాంటా, 2024లో మిలాన్, 2025లో ఇంటర్ అదే బాట పట్టాయి. ఇవి సెరీ సిలో పెద్దవాళ్ల జట్లతో ఆడతాయి, గ్రూపుకు 20 జట్లు, 38 మ్యాచ్‌లు. లాభం స్పష్టం: ఇల్లు మారదు, డాక్టర్ మారడు, వారం మధ్యలో మొదటి జట్టుతో ప్రాక్టీస్ చేయవచ్చు. ఫాజోలీ, మిరెత్తి, కెనాన్ యిల్దిజ్ ఈ మెట్టు మీదుగానే యువెంతస్ మొదటి జట్టుకు ఎక్కారు.

చిక్కు కూడా అక్కడే ఉంది. మిలాన్ కుర్రాడు ఫ్రాంచెస్కో కమార్దా 2023 నవంబర్‌లో 15 ఏళ్ల 260 రోజులకు సెరీ ఎలో దిగి, అతి చిన్న వయసులో ఆడిన రికార్డు సృష్టించాడు. 2024-25లో క్లబ్ రెండో జట్టు మిలాన్ ఫుతూరోకూ మొదటి జట్టుకూ మధ్య తిరిగాడు. ఈ వారం ఇక్కడ ఆడతాడు, వచ్చే వారం అక్కడ బెంచ్ మీద కూర్చుంటాడు. పైగా అందరూ కుర్రాళ్లే ఉన్న జట్టులో ఓడుతున్నప్పుడు సర్దిచెప్పే పెద్దదిక్కు తక్కువ. మధ్యలో కోచ్‌ను మార్చినా మిలాన్ ఫుతూరో మొదటి ఏడాదే సెరీ డికి పడిపోయింది. నా అంచనాలో 17, 18 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కు, డిఫెండర్‌కు రెండో జట్టు ప్రిమవేరా కన్నా ఎంతో మేలు. 19 దాటాక అక్కడే ఉండిపోతే మాత్రం ఎదుగుదల ఆగుతుంది. ఫాజోలీ కూడా 2021-22లో క్రెమొనేజెకు లోన్‌పై వెళ్లి, ఆ జట్టు సెరీ ఎకి ఎక్కాకే యువెంతస్‌లో నిలదొక్కుకున్నాడు.

గోల్‌కీపర్ల లెక్క మరీ కఠినం. జట్టులో ఒక్క స్థానమే ఉంటుంది, సబ్‌స్టిట్యూట్‌గా దిగే అవకాశం దాదాపు సున్నా. దొన్నరుమ్మ 16 ఏళ్లకే మిలాన్ గోల్ కాసిన మాట నిజమే, అది నూటికో కోటికో ఒకటి. కార్నెసెక్కి దారే అసలైన నమూనా: అటలాంటా నుంచి త్రాపానికి, తర్వాత 2021 జనవరి నుంచి రెండున్నర సీజన్లు క్రెమొనేజెకు.

విదేశం మాటకొస్తే, విల్‌ఫ్రెడ్ న్యోంతో 2020లో 16 ఏళ్లకు ఇంటర్‌ను వదిలి జూరిచ్ వెళ్లాడు. అక్కడ మొదటి జట్టులో ఆడాడు, 2022లో లీగ్ గెలిచాడు, 18 ఏళ్లకే ఇటలీకి ఆడి జర్మనీపై గోల్ కొట్టాడు. స్కమాక్కా మాత్రం 16 ఏళ్లకు రోమా నుంచి పీఎస్‌వీకి వెళ్లి, ఏడాదిన్నరకే సస్సువోలోకు తిరిగొచ్చి, మళ్లీ లోన్ల మెట్లన్నీ ఎక్కాల్సి వచ్చింది. ఇద్దరి మధ్య తేడా దేశంలో లేదు, మొదటి జట్టులో స్థానం దొరకడంలో ఉంది. నిబంధన కూడా చూసుకోవాలి: 18 నిండకుండా దేశం మారకూడదన్నది ఫిఫా నియమం, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లకు ఇచ్చే మినహాయింపు ప్రధానంగా యూరోపియన్ యూనియన్ పరిధికి సంబంధించినది. బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్ క్లబ్‌లకు అది వర్తించదు. ఒకప్పుడు మకేదా 16 ఏళ్లకే మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిన దారి ఇప్పుడు మూసుకుపోయింది.

ఇక సంతకం పెట్టే కాగితం. ఇటలీలో లోన్ రకాలు ముఖ్యంగా నాలుగు. ‘ప్రెస్తితో సెక్కో’ అంటే ఉత్త లోన్, సీజన్ అయ్యాక తిరిగి రావాలి. ‘దిరిత్తో ది రిస్కాత్తో’ అంటే తీసుకున్న క్లబ్ ఇష్టమైతే ముందే అనుకున్న ధరకు కొనుక్కోవచ్చు. ‘ఒబ్బ్లిగో’ అంటే కొనాల్సిందే. ‘కొంత్రోరిస్కాత్తో’ అంటే వాళ్లు కొన్నా పాత క్లబ్ కొంత ఎక్కువ ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. కుర్రాడి వైపు నుంచి చూస్తే ఉత్త లోన్ చాలాసార్లు బలహీనం. తమది కాని ఆటగాణ్ని పెంచి ఇంకొకరికి అప్పగించాలని ఏ కోచ్‌కుంటుంది? కొనే హక్కు, తిరిగి కొనే హక్కు రెండూ ఉంటే ఇరు క్లబ్‌లకూ అతన్ని ఆడించడంలో లాభం ఉంటుంది. కమార్దా 2025లో లెచ్చెకు వెళ్లింది ఈ రెండూ ఉన్న ఒప్పందంతోనే. కొనే హక్కు లేకపోతే కనీసం ‘ప్రెమియో ది వలోరిజ్జజియోనె’ అడగాలి, అంటే ఇన్ని మ్యాచ్‌లు ఆడిస్తే పాత క్లబ్ ఇంత డబ్బు ఇస్తుందన్న షరతు.

అన్నిటికన్నా ఎక్కువ మంది మరిచిపోయేది ఆగస్టు సంగతి. ఒక సీజన్‌లో ఆటగాడు మూడు క్లబ్‌లలో నమోదు కావచ్చు, అధికారిక మ్యాచ్‌లు ఆడగలిగేది మాత్రం రెండింటికే. ఆగస్టులో సొంత క్లబ్ తరఫున కప్ మ్యాచ్‌లో ఐదు నిమిషాలు దిగి, తర్వాత లోన్‌పై వెళ్లి అక్కడ ఒక్క మ్యాచ్ ఆడినా లెక్క నిండిపోయినట్టే. అక్కడ కోచ్ మారి బెంచ్‌కే పరిమితమైతే జనవరిలో మూడో క్లబ్‌కు ఆడే వీలుండదు. ఉన్నచోటే ఉండాలి, లేదా సొంత క్లబ్‌కు తిరిగి వెళ్లి మే దాకా ఎదురుచూడాలి.