గెయిన్ మీట లేని రికార్డర్‌తో రెండున్నరేళ్ళు

తెనాలిలో ఒక మే నెల మధ్యాహ్నం, డెబ్బై దాటిన రంగస్థల నటులొకరు స్క్రిప్టులో లేని పద్యం ఎత్తుకున్నారు. మా సినిమా చూసినవాళ్ళు అన్నిటికంటే ఎక్కువగా నవ్వేది అక్కడే. ఆ గొంతు మాకు దక్కిందంటే ఈ చిన్న సౌండ్ రికార్డర్ పెట్టె వల్లే. కొన్న కొత్తలో దీని గురించి కనిపించిన వాళ్ళందరికీ చాలా చెప్పాను. రెండున్నరేళ్ళు వాడాక వాటిలో ఏ మాట నిలిచిందో, ఏ మాట సవరించుకోవాలో ఇప్పుడు తెలుస్తోంది.

కంపెనీ పేరు రాయడం లేదు. 32-బిట్ ఫ్లోట్ పద్ధతిలో, అంటే గుసగుసా అరుపూ రెండూ చెరగకుండా ఒకే ఫైలులో నిలిచేలా, రికార్డు చేసే పెట్టెలు ఇప్పుడు ఒకటికి నాలుగు కంపెనీలవి దొరుకుతున్నాయి. నేను చెప్పేది వాటిలో చాలావాటికి వర్తిస్తుంది. నాది రెండు మైకులు పట్టేది, అరచేతిలో ఇమిడిపోతుంది. మిగతా వివరాలు అట్ట పెట్టె మీదే ఉంటాయి. నేను మాట్లాడదలచుకున్నది ఒక్క విషయం: దీనికి గెయిన్ మీట లేదు. ధ్వని పెంచడం, తగ్గించడం అనే పని రికార్డింగ్ వేళ మన చేతిలో ఉండదు. మైకు తగిలించి ఎర్ర మీట నొక్కడమే.

మాది చిన్న సినిమా. తెర వెనక పదకొండు మందిమి. డబ్బింగ్ థియేటరుకు డబ్బు లేదు. ఉన్నా హాస్య సన్నివేశాన్ని డబ్బింగ్‌కు పంపడం నాకు ఇష్టం ఉండదు. మన దగ్గర చాలా సినిమాలకు లొకేషన్లో తీసేది పైలట్ ట్రాక్ మాత్రమే, అసలు గొంతులు తర్వాత చెప్పిస్తారు. గంభీరమైన సీను ఆ పద్ధతిలో నిలబడుతుందేమో గానీ నవ్వు నిలబడదు. ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే అందుకోవడం, నవ్వు ఆపుకుంటూ పలికినప్పుడు గొంతులో వచ్చే చిన్న జీర, చేతిలోని కాఫీ గ్లాసు సాసరుకు తగిలి చేసే శబ్దం, ఇవన్నీ రెండు నెలల తర్వాత చీకటి గదిలో ఒక్కరే మైకు ముందు నిలబడితే తిరిగి రావు. అందుకే మొదటినుంచీ సింక్ సౌండే, అంటే షూటింగ్‌లో పలికిన గొంతులనే సినిమాలో వాడటమే, అనుకున్నాము.

ఆ రోజు సీను పెళ్ళిచూపులు. లొకేషన్ పాత పెంకుటిల్లు. అద్దె తక్కువ, ఎందుకంటే విజయవాడ–చెన్నై రైలు మార్గం ఇంటి వెనకే ఉంది. ఉదయం ఆరింటికి వెళ్ళి హాల్లో గోడలకు బొంతలు, దుప్పట్లు కట్టాము. లేకపోతే గచ్చు నేల మీద మాట గింగురుమంటుంది. ఫ్రిజ్ ఆపేసి, నా బండి తాళాలు అందులోనే పెట్టాను. సాయంత్రం తాళాల కోసం ఎలాగూ ఫ్రిజ్ తలుపు తీయాలి కాబట్టి, మళ్ళీ స్విచ్ వేయడం మరిచిపోయి ఇంటివాళ్ళ పాలు విరగ్గొట్టే ప్రమాదం ఉండదు. ఫ్యాన్లు కూడా ఆపాలి. తెనాలి మే నెలలో ఫ్యాను లేకుండా పట్టు చీర కట్టుకుని కూర్చున్న నటీమణుల ఓర్పుకు దండం పెట్టాలి. బూమ్ మా మేనల్లుడు పట్టుకున్నాడు. అది గోడలకు రంగులు వేసేవాళ్ళు వాడే పొడవాటి అల్యూమినియం కర్ర, దాని చివర మైకు.

సీనులో తాతగారికి చెవుడు. చుట్టూ కట్నకానుకల మాటలు నడుస్తుంటే ఆయన తనలో తాను గొణుక్కుంటూ జంతికలు లెక్కపెట్టుకోవాలి. చివర పెళ్ళికొడుకు తండ్రి “పెద్దవారు, మీరూ ఒక మాట చెప్పండి” అంటే, మెల్లగా “కాఫీలో చక్కెర తక్కువైంది” అనాలి. అంతే. ఆ పాత్ర వేసిన మాస్టారు నలభై ఏళ్ళు పౌరాణిక నాటకాలు ఆడినవారు. మైకు లేకుండా ఆఖరి వరుసకు వినిపించేలా తయారైన గొంతు అది. రిహార్సల్లో మాత్రం చక్కగా గొణిగారు. ఆ గొణుగుడు సరిగ్గా వినపడాలని మా మేనల్లుడు మైకును ఆయన నుదుటికి జానెడు దూరం దాకా దించాడు.

ఆరు టేకులు బాగానే వచ్చాయి. ఏడో టేకు. “మీరూ ఒక మాట చెప్పండి” అనగానే మాస్టారు జంతికల పళ్ళెం పక్కన పెట్టారు. కండువా సర్దుకున్నారు. లేచి నిలబడి, కుడిచెయ్యి చాచి, రాయబారంలో కృష్ణుడిలా పద్యం అందుకున్నారు. రాగంతో సహా, పూర్తి గొంతుతో. పెళ్ళికూతురి తల్లి వేషం వేసినామె నిజంగానే ఉలిక్కిపడి కాఫీ ట్రే ఒంపేసింది. పెళ్ళికొడుకు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. డైరెక్టర్ కట్ చెప్పలేదు. కెమెరా వెనక ఉన్నవాళ్ళందరూ నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు.

నా హెడ్‌ఫోన్లలో మాత్రం బరబరమని పగిలిపోయిన శబ్దం. తెరమీద గీత అంచులు దాటి పోయింది. నా గుండె జారిపోయింది. పాత రికార్డర్‌తో పనిచేసిన పదేళ్ళలో ఆ శబ్దానికి ఒకటే అర్థం: ఈ టేకు పోయింది. పోనీ మళ్ళీ చేయిద్దామా అంటే, ఒలికిన కాఫీ పట్టు చీర నిండా ఉంది, రెండో చీర లేదు. అన్నిటికీ మించి, ఆ ఉలికిపాటు ఇంకోసారి రాదు.

భోజనాల వేళ అన్నం ముట్టకుండా లాప్‌టాప్ తీశాను. ఫైలు తెరిస్తే పద్యం ఉన్నంత మేరా అలలు కనిపించలేదు, పైనా కిందా కత్తితో కోసినట్టు చదునైన గోడ. మొత్తాన్ని ఎంచుకుని 15 డెసిబెల్స్ తగ్గించాను. గోడ కరిగి, లోపలినుంచి గుండ్రటి శిఖరాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. విన్నాను. రాగం చివర ఆయన గొంతులో వేసిన గమకం దాకా అంతా శుభ్రంగా ఉంది. దాని వెనకే ట్రే పడిన చప్పుడు, ఆ తర్వాత ఆమె “అయ్యో” అనబోయి మింగేసిన ఊపిరి. మాస్టారిని పిలిచి హెడ్‌ఫోన్లు పెట్టాను. విని, “శృతి ఒక చోట జారింది” అన్నారు. నాకైతే ఎక్కడా జారినట్టు అనిపించలేదు.

ఇది ఎలా సాధ్యమంటే, ఈ తరహా పెట్టెల్లో సాధారణంగా ధ్వనిని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు ఉంటాయి. ఒకటి గుసగుసలను పట్టుకుంటుంది, రెండోది అరుపులను పట్టుకుంటుంది. రెండూ కలిసి తయారయ్యే ఫైలులో సున్నా డెసిబెల్ గీత (మామూలు ఫైలు పట్టగలిగే గరిష్ఠ స్థాయి) దాటిన ధ్వని కూడా చెరగకుండా దాగి ఉంటుంది. హెడ్‌ఫోన్లకు అంత పరిధి లేదు కాబట్టి చెవిలో పగిలినట్టు వినిపించినా ఫైలు క్షేమంగా ఉండవచ్చు. ఈ సంగతి నాకు పుస్తకపు మాటగా తెలుసు. నమ్మకం కుదిరింది మాత్రం ఆ మధ్యాహ్నమే. అప్పటినుంచి నేను నటులను “ఎంత గట్టిగా అంటారు, ఒకసారి అని చూపించండి” అని అడగడం మానేశాను. హాస్యనటుడికి అంతకు మించిన స్వేచ్ఛ నేనివ్వగలిగింది లేదు.

ఆ ఉత్సాహంలో “ఇక ధ్వని పాడవడం అనేదే ఉండదు” అని అందరికీ చెప్పాను. అది అంత నిజం కాదు. అదే టేకులో పెళ్ళికొడుకు తండ్రికి కాలర్ మైకు పెట్టాము. పద్యం మధ్యలో ఆయన కూడా “ఏమండీ!” అని అరిచారు. ఆ మాట పగిలే వచ్చింది, ఎంత తగ్గించినా బాగుపడలేదు. కాలర్ మైకు ధ్వని ముందు నడుముకు కట్టిన ట్రాన్స్‌మిటర్‌లోకి వెళుతుంది, అక్కడే పగిలింది. పగిలి వచ్చినదాన్ని మా పెట్టె పగిలినట్టే జాగ్రత్తగా రాసుకుంది. చివరికి బూమ్‌లో వినిపించిన దాన్నే వాడుకున్నాము.

ఇంకో రాత్రి నిద్ర లేకుండా పోయింది. ఎడిటింగ్‌కు ఇచ్చిన ఫైళ్ళను అక్కడ ఎవరో తేలిగ్గా ఉంటుందని, ఆ గీత దాటినదాన్ని నిలుపుకోలేని 16-బిట్‌కు మార్చేశారు. తగ్గించకుండా మార్చారు కాబట్టి గీత దాటినదంతా తెగిపోయింది. వారం తర్వాత రఫ్ కట్ చూస్తే పద్యం మళ్ళీ బరబర. కార్డులోని అసలు ఫైళ్ళను నేను చెరపలేదు కాబట్టి బతికిపోయాము. ఈ పెట్టె వాడేవాళ్ళు ఎడిటర్‌కు ముందే గట్టిగా చెప్పాలి, అసలు ఫైళ్ళ నకలు తమ దగ్గర ఉంచుకోవాలి. అన్ని సాఫ్ట్‌వేర్లూ వీటిని తెరవవు, ముఖ్యంగా ఫోన్లలో ఎడిట్ చేసేవి.

రైళ్ళ విషయంలో దీనివల్ల ఏ లాభమూ లేదు. గూడ్సు బండి వెళుతుంటే మాటా బండీ రెండూ అద్భుతంగా రికార్డవుతాయి, విడదీయడం మన వల్ల కాదు. ఆ రోజు మేము బండికీ బండికీ మధ్య దొరికిన వ్యవధిలోనే షూట్ చేశాము. మైకు దూరమైతే గదిలోని గింగురు కూడా అలాగే మిగిలిపోతుంది. రెండో ఏడాది మా మేనల్లుడిలో ఒక అలవాటు గమనించాను: తర్వాత పెంచుకోవచ్చులే అని బూమ్‌ను పైపైనే ఉంచుతున్నాడు. పెంచితే మాటతోపాటు గోడలూ పెరుగుతాయి. తప్పు వాడిది కాదు, “దీనికి నైపుణ్యం అక్కర్లేదు” అని చెప్పింది నేనే. ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

బ్యాటరీల గురించి ఒక మాట. మైకుకు కరెంటు కూడా ఈ పెట్టే ఇవ్వాల్సి వస్తే రెండు పెన్సిల్ సెల్స్ నాకు పూట కూడా నిలవలేదు. పవర్ బ్యాంకు తగిలించుకుంటే ఆ బాధ లేదు.

కొనాలా అని అడిగితే, మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. చెయ్యి తిరిగిన సౌండ్ ఇంజినీరు, మంచి మిక్సరు ఉన్న యూనిట్‌కు దీనితో పెద్ద అవసరం ఉండకపోవచ్చు. అలాంటివారి వేళ్ళు గెయిన్ మీట మీద నటుడి ఊపిరితోపాటు కదులుతాయి. ఒకేసారి నలుగురికి కాలర్ మైకులు పెట్టాలన్నా రెండు ఇన్‌పుట్ల పెట్టె చాలదు. నా సంగతి వేరు. ధ్వని చూసుకుంటూనే స్క్రిప్టు పట్టుకుని, మధ్యలో టీలు తెప్పించే మనిషిని నేను. నటులేమో ఎప్పుడు ఏ పద్యం ఎత్తుకుంటారో తెలియదు. ఇలాంటి సినిమాలు తీసినంత కాలం దీన్ని అమ్మను.

పాత రికార్డర్ మాత్రం మొన్న మా మేనల్లుడికి ఇచ్చాను. దానికి గెయిన్ మీట ఉంది. వాడి సొంత షార్ట్ ఫిల్మ్ దాంతోనే తీయమన్నాను.