వీల్స్‌కి ఇంట్లోనే పెయింట్: రెండేళ్లు వాడాక

రంగు నిలిచింది. కాకపోతే అన్నిచోట్లా ఒకేలా నిలవలేదు. కారు నాలుగు అలాయ్ వీల్స్‌కీ (అల్యూమినియం మిశ్రమ చక్రాలు) స్ప్రే క్యాన్లతో ఇంటి దగ్గరే పెయింట్ వేసి రెండేళ్లు దాటింది. ఈలోగా ఎండలు, వానలు, బురద, టైర్ల మార్పిడి అన్నీ అయిపోయాయి. పెయింట్ వేసిన వారానికి ఎవరి వీల్స్ అయినా బాగానే ఉంటాయి కాబట్టి అప్పుడు రాయడంలో అర్థం లేదనిపించింది.

నావి సిల్వర్ రంగు మామూలు అలాయ్స్. అంచులు రోడ్డు పక్క గట్లకి రాసుకుపోయి గరుకుగా తయారయ్యాయి. క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) కింద తెల్లటి పురుగు పాకినట్టు చారలు. అది అల్యూమినియానికి పట్టే తుప్పు. పైపొర మీద ఎక్కడో చిన్న గాటు పడితే తేమ లోపలికి దూరి, అక్కడి నుంచి పొర కిందే పాకుతుంది. దానిమీద నేరుగా రంగు కొడితే పైకి బాగున్నా కింద పాకడం ఆగదు. శుభ్రమైన లోహం కనిపించేదాకా గీకాల్సిందే.

అసలు పనంతా ఇక్కడే. బ్రేకుల నుంచి రాలే నల్లపొడిలో ఇనుప రేణువులుంటాయి. అవి వేడిమీద వచ్చి పెయింట్‌లోకి దిగిపోతాయి, సబ్బునీళ్లకి వదలవు. ఐరన్ రిమూవర్ చల్లితే ఊదారంగులో కారుతూ దిగిపోతాయి. తర్వాత గీతలున్న చోట 240 నంబర్ ఎమెరీ పేపర్ (నంబర్ పెరిగేకొద్దీ నునుపు), ఆపైన 400, చివర్లో నీళ్లతో తడుపుతూ 600. ఎంతవరకు రుద్దాలో కన్ను చెప్పలేదు, కళ్లు మూసుకుని వేలితో తడమాలి. పాత పెయింట్‌కీ లోహానికీ మధ్య చిన్న మెట్టు తగిలినా ఇంకా రుద్దాలన్నమాటే. రంగు పడ్డాక ఆ మెట్టు ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆఖర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక ఇక చేత్తో ముట్టుకోకూడదు.

టైర్లు విప్పించలేదు. గాలి తీసేసి టైరుకీ రిమ్‌కీ మధ్య చుట్టూ పేకముక్కలు దోపాను. వాల్వ్‌కి మాస్కింగ్ టేప్ చుట్టాను. టైరు మీద చుక్క రంగు పడలేదు. ఈ పనికి పేకముక్కలంత బాగా టేప్ కూడా పనికిరాదు.

లోహం బయటపడిన చోట మామూలు ప్రైమర్ (రంగు కింద వేసే పొర) సరిగ్గా పట్టదు, లోహాన్ని కాస్త తిని పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. రంగు పల్చగా, ఓ జానెడు దూరం నుంచి, కోటుకీ కోటుకీ మధ్య పది నిమిషాలు ఆగి వేశాను. మొదటి కోటుకే అంతా కప్పేయాలని చూస్తే కారుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు పెట్టుకోవద్దు, పైపొర తెల్లగా మసకబారుతుంది.

ఇక క్లియర్ కోట్. ముందు చక్రాలకి హార్డెనర్ (పొరని గట్టిపరిచే రసాయనం) కలిసే టూకే, వెనక వాటికి హార్డెనర్ లేని మామూలు వన్‌కే వేశాను. బ్రేక్ పొడి ఎక్కువ పడేది ముందు చక్రాల మీదే. అయినా ఇప్పటికీ వాటి మెరుపు తగ్గలేదు, తడిగుడ్డకే శుభ్రమవుతాయి. వెనకవి మాత్రం మొదటి ఏడాదే మసకేశాయి. పెట్రోల్ తడి గుడ్డ తగిలిన చోట మచ్చ కూడా పడింది. తేడా ఇంత ఉంటుందని నేననుకోలేదు. డబ్బు ఆదా చేయాలంటే టేప్ దగ్గర, రంగు దగ్గర చేసుకోండి, క్లియర్ దగ్గర మాత్రం వద్దు.

కానీ టూకేతో ఆటలొద్దు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, దుమ్ము మాస్క్ వాటిని ఆపలేదు. ఆరుబయట, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్, గ్లౌజులు, కళ్లద్దాలు ఉంటేనే వేయాలి. ఆస్తమా ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లొద్దు. అడుగున పిన్ నొక్కితే హార్డెనర్ లోపల కలుస్తుంది, ఆ తర్వాత క్యాన్ ఒకటి రెండు రోజులకి మించి పనికిరాదు, అందుకని వేయాల్సినవన్నీ ఒకేసారి సిద్ధం చేసుకోవాలి.

దెబ్బతిన్నది ఎక్కడంటే, రిమ్ అంచుల్లో. కొత్త టైర్లు ఎక్కించినప్పుడు మెషీన్ తగిలిన చోట పెచ్చు లేచింది. నట్లు కూర్చునే గుంటలకీ, హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు భాగం) ఆనే వెనక భాగానికీ కావాలనే రంగు వేయలేదు. నట్టు కింద పెయింట్ పొర ఉంటే అది నలిగి బిగువు వదులవుతుంది. చూసేవాళ్లు ‘అక్కడ వదిలేశావేంటి’ అంటారు, అననివ్వండి. చక్రాలు బిగించి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, కారు మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం నట్లు మళ్లీ చూసుకోవాలి.

డైమండ్ కట్ వీల్స్‌కి ఇది పనికిరాదు, ఆ ముఖం లేత్ మీద కోసి తీసింది, స్ప్రేతో రాదు. పగులు గానీ వంపు గానీ ఉన్న వీల్‌కి అసలు రంగే వద్దు, ముందు చూపించుకోండి.

మిగిలిన రంగు క్యాన్ పారేయకండి. మూతలోకి కాస్త కొట్టి, టూత్‌పిక్‌తో అద్దితే ఆ అంచు పెచ్చులు రెండడుగుల దూరం నుంచి కనిపించవు.