స్విఫ్ట్‌కు 185/70 ఆర్14 టైర్లు: అనంతపురం ఎండల్లో నాలుగేళ్లు వాడాక

స్విఫ్ట్ కింది మోడళ్లకు కంపెనీ ఇచ్చే టైరు 165/80 ఆర్14. అవి అరిగాక అవే ఇనప రిమ్ముల మీద 185/70 ఆర్14 వేయించిన బండి ఇది. తిరుగుడంతా అనంతపురం, గుత్తి, తాడిపత్రి వైపు. అప్పుడప్పుడు 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు. నలభై వేల కిలోమీటర్లు దాటాక ముందు టైర్ల గాడి లోతు 3 మి.మీ.కి వచ్చింది, వెనకవి ఇంకా 4 ఉన్నాయి. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. అలాగని షాపులో "పట్టేస్తుందన్నా" అనే ప్రతి సైజూ వేయించుకోకూడదు.

మొదట టైరు వ్యాసం లెక్క చూసుకోండి. 165 అంటే టైరు వెడల్పు మి.మీ.లో, 80 అంటే ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో. 165లో 80 శాతం 132. పైనా కిందా కలిపి 264, దానికి 14 అంగుళాల రిమ్ము 355.6 కలిపితే 619.6 మి.మీ. ఇదే లెక్కన 185/70కి 614.6 వస్తుంది. తేడా ఒక శాతం కూడా లేదు. మూడు శాతం లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు. చవగ్గా వస్తుందని కొన్నిచోట్ల 175/65 ఆర్14 చూపిస్తారు. అది 583, దాదాపు ఆరు శాతం తక్కువ. బండి 18 మి.మీ. కిందికి దిగుతుంది. మన ఊళ్లలో కట్టే స్పీడ్ బ్రేకర్లకు ఆ 18 చాలు, అడుగు గీసుకుపోవడానికి. పాత టైర్లతో మీటరు 100 చూపినప్పుడు నిజంగా 100 పోయే బండి, వీటితో మీటరు 100 చూపినా పోయేది 94.

వ్యాసం కుదిరినంత మాత్రాన అయిపోదు. రిమ్ము మీద 14x5జే అని అచ్చు ఉందేమో చూసుకోండి, అందులో 5 అంటే రిమ్ము వెడల్పు అంగుళాల్లో. 185/70కి నాలుగున్నర నుంచి ఆరు అంగుళాల రిమ్ము పనికొస్తుంది కాబట్టి 5 సరిపోతుంది. 195కి పోతే అంచులు లోపలికి నొక్కుకుని టైరు మధ్యలో ఉబ్బుతుంది, నడిమి భాగం ముందే అరుగుతుంది. టైరు ఎంత మోయగలదో చెప్పే బరువు సంఖ్య పాతదానికన్నా తగ్గకూడదు: 85 అంటే టైరుకు 515 కిలోలు, 88 అంటే 560. 82 అని ఉన్నది 475 కిలోలే, అది వద్దు.

వాడకంలో తేడా? వానలో బ్రేకు బాగా పడుతోంది, మలుపుల్లో ఊగడం తగ్గింది. పార్కింగులో స్టీరింగు కొంచెం బరువెక్కింది, మైలేజీ లీటరుకు అర కిలోమీటరు దాకా పడిపోయింది. ఊళ్లోనే తిరిగే బండైతే పాత సైజే మేలు.

ఎండాకాలం "టైరు పేలుతుంది, గాలి తగ్గించు" అనే మాట మన దగ్గర బాగా నడుస్తుంది. జరిగేది దానికి తలకిందులు. గాలి తక్కువైతే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, తిరిగిన ప్రతిసారీ మడతపడి వేడెక్కుతుంది, పేలేది అక్కడే. డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీదున్న అంకె పొద్దున్నే, బండి తీయకముందు చూసే గాలికి. మధ్యాహ్నం హైవే దిగి బంకులో చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువే కనిపిస్తుంది. ఆ ఎక్కువ గాలిని తీసేయొద్దు. నైట్రోజన్ అంటూ డబ్బులు పెట్టనక్కర్లేదు, మామూలు గాలిలో 78 శాతం అదే.

ఈ దారుల్లో టైరుకు అసలు శత్రువులు రెండు. తాడిపత్రి దగ్గర లారీల నుంచి జారిపడే బండల ముక్కలు ఒకటి. వాటి అంచు సైడ్‌వాల్‌కు తగిలితే కోత పడుతుంది, లోపల దారం తెగితే రెండు మూడు రోజుల్లో బుడిపె లేస్తుంది. అలాంటి టైరుకు పంచరు వేయించినా లాభం లేదు, మార్చాల్సిందే. రెండోది కంపచెట్టు ముల్లు. గాడిలో దిగి పైన విరిగిపోతుంది, చేత్తో తడిమినా తెలియదు. వారానికి మూడు నాలుగు పాయింట్ల గాలి పోతుంటే సబ్బునీళ్లు పోసి చూడండి. ఒకేచోట సన్నని బుడగలు వరసగా లేస్తుంటే అదే. మధ్య భాగంలో అయితే లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచ్ (కాడ రంధ్రంలో దిగి, గొడుగు లోపల అతుక్కునేది) వేయించండి, బయటి నుంచి గుచ్చే దారం తాత్కాలికమే.

కొనేటప్పుడు టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. రేకుల షెడ్డులో రెండు వేసవులు ఉడికిన టైరుకు తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించండి, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు తప్పవు. రెండే మారిస్తే కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలే లాగుతాయి కదా అని షాపువాళ్లు ముందుకు పెడతారు, కానీ వానలో వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది.

స్టెప్నీ 165గానే ఉండిపోయింది. దాన్ని వేస్తే 80 దాటకుండా పంచరు షాపు దాకా మాత్రమే.