గోల్కొండ నుంచి మక్కా మసీదు దాకా, ఒక రోజంతా గైడ్‌తో

గోల్కొండకి ఎన్నిసార్లు వెళ్లానో నాకే లెక్క లేదు. స్కూల్ పిక్నిక్‌కి, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా, బోనాలకి రెండుసార్లు, ఇంజినీరింగ్‌లో ఫ్రెండ్స్‌తో సౌండ్ అండ్ లైట్ షోకి. అయినా పోయిన డిసెంబర్‌లో ఒక శనివారం గైడ్‌ని పెట్టుకుని తిరిగొచ్చాక అర్థమైంది, అన్నిసార్లూ నేను మెట్లెక్కి, ఫొటోలు దిగి, దిగొచ్చేశానంతే. కోట గురించి నాకు ఏమీ తెలియదు. అందుకే ఈ రివ్యూ కొంచెం వివరంగా రాస్తున్నాను, ఇంట్లో పెద్దవాళ్లనీ పిల్లలనీ తీసుకెళ్లాలనుకునే వాళ్లకి పనికొస్తుంది.

మేం నలుగురం వెళ్లాం. నల్గొండ నుంచి వచ్చిన నాన్న (రిటైర్డ్ తెలుగు టీచర్, డెబ్బై రెండేళ్లు), అక్క, ఎనిమిదో క్లాసు చదివే అక్క కొడుకు, నేను. ఆన్‌లైన్‌లో "హైదరాబాద్ మొఘల్ కట్టడాలు, ఒక్క రోజు ప్రైవేట్ టూర్" అని కనిపిస్తే బుక్ చేశాను. నలుగురికీ కలిపి ఏడున్నర వేలు, ఏసీ కారు, రోజంతా తెలుగు గైడ్, సాయంత్రం ఇంటి దగ్గర దింపడం. సంస్థ పేరు రాయను, వాళ్లతో నాకు కొన్ని ఇబ్బందులు వచ్చాయి, అవి కింద చెప్తాను. గైడ్ మాత్రం బంగారం లాంటి మనిషి.

యాభై దాటిన ఆయన, కార్వాన్‌లో పుట్టి పెరిగారట. ఇంట్లో ఉర్దూ, బయట మన తెలుగే. కారు నేరుగా కోట టికెట్ కౌంటర్ దగ్గరికి పోతుందనుకుంటే, ఆయన ఫతే దర్వాజా దగ్గరే ఆపించి అందరినీ దింపారు. "అమ్మా, టూర్‌కు మొఘల్ అని పేరు పెట్టిండ్రు గానీ, పొద్దుగూకేదాకా మనం చూసేటియి చానా మట్టుకు మొఘలులు కట్టినయి కావు. వాళ్లు గెల్చుకున్నయి. ఎట్ల గెల్చుకున్నరో ఈడికెళ్లి మొదలు పెడదాం" అన్నారు. ఆ ఒక్క మాటతో రోజంతటికీ ఒక దారం దొరికింది. తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ దారం తెగలేదు.

మనలో చాలామందికి గోల్కొండ, చార్మినార్, మొఘలులు అన్నీ ఒకే ముద్దలా కలిసిపోయి ఉంటాయి, నాకూ అంతే. కట్టింది కుతుబ్ షాహీలు. వాళ్లని ఓడించింది ఔరంగజేబు. ఆయన 1656లో, ఇంకా యువరాజుగా దక్కన్ సుబేదారుగా ఉన్నప్పుడే ఒకసారి గోల్కొండ మీదికి వచ్చాడు. అప్పుడు సుల్తాన్ తల్లి హయాత్ బక్షీ బేగం స్వయంగా వెళ్లి సంధి మాట్లాడింది, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్లి చేశారు. రెండోసారి చక్రవర్తిగా వచ్చాడు. అంతకు ముందే, 1686లో, గోల్కొండ ఆఖరి సుల్తాన్ తానాషా దగ్గర మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలు హత్యకి గురయ్యారు. 1687 మొదట్లో ముట్టడి మొదలైతే ఎనిమిది నెలలు కోట లొంగలేదు. ఫిరంగులు పేల్చారు, సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టారు, వానలొచ్చి మొఘల్ సైన్యానికే తిండి కరువైంది. చివరికి సెప్టెంబర్‌లో ఒక రాత్రి లోపలి సర్దారే లంచం తీసుకుని తలుపు తీశాడు. ఆ సైన్యం ఈ దర్వాజా గుండా లోపలికి వచ్చింది కాబట్టే దీనికి విజయద్వారం అనే అర్థంలో ఫతే దర్వాజా అని పేరొచ్చిందని చెప్తారు.

ఇదంతా ఆయన చెప్తున్నప్పుడు మా పక్క నుంచి ఆటోలు, స్కూటీలు అదే దర్వాజా గుండా పోతున్నాయి. తలుపులకి ఏనుగులు తలతో గుద్దకుండా కొట్టిన ఇనుప మేకులు ఇంకా ఉన్నాయి. మావాడు ఒక మేకు మీద అరచెయ్యి ఆనించి, "అంటే కోట ఓడిపోలేదా పిన్నీ, అమ్మేశారా?" అన్నాడు. గైడ్ గారు వాడి భుజం తట్టి, "గదే నేను చెప్పుదామనుకున్న, నువ్వే చెప్పినవ్ బాబూ" అన్నారు.

తర్వాత బాలా హిస్సార్ దర్వాజా. దానికి ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది, ఇన్నేళ్లూ దాని పక్క నుంచే నడిచాను గానీ ఎందుకుందో ఆలోచించలేదు. ఏనుగులు పరుగున వచ్చి తలుపుని ఢీకొట్టడానికి జాగా లేకుండా కట్టారట. దర్వాజా మీద సింహాలు, నెమళ్లు గచ్చుతో చేసినవి, తలెత్తి చూస్తే మన గుళ్ల మీది బొమ్మల్లాగే ఉంటాయి. లోపలికి రాగానే చప్పట్లు కొట్టే గుమ్మటం, దాని కింద కొట్టిన చప్పట్లు కోట పైదాకా వినిపిస్తాయి. ఇక్కడ ఆయన చేసిన పని నేను మర్చిపోలేను.

అక్క మెట్లెక్కనంది. నాన్న మాత్రం మోకాళ్లు నొప్పైనా రామదాసు బందీఖానా చూడాల్సిందే అన్నారు. గైడ్ గారు అక్కని గుమ్మటం కింద ఒక చోట నిలబెట్టి, "ఈడ్నే ఉండుండ్రి మేడం, అడుగు పక్కకు జరిగితే పైకి వినరాదు. నేను ఫోన్ జేసినంక మూడుసార్లు కొట్టి ఆగి, మళ్ల మూడుసార్లు కొట్టుండ్రి" అని చెప్పి మమ్మల్ని పైకి తీసుకెళ్లారు. దాదాపు 360 మెట్లు. నాన్న కోసం ప్రతి మలుపు దగ్గరా ఆగారు, ఆగిన ప్రతిచోటా చూపించడానికి ఏదో ఒకటి ఉంది. గోడలో కనిపించే మట్టి గొట్టాలు చూపించి, కింది నుంచి తొట్టి తొట్టికీ నీళ్లు తోడి ఈ గొట్టాల్లో పై దాకా ఎలా పంపేవాళ్లో చెప్పారు. కోటకి తాగునీళ్లు దుర్గం చెరువు నుంచి వచ్చేవట. రోజూ ఆఫీసుకి కేబుల్ బ్రిడ్జి మీద నుంచి పోయేదాన్ని, ఆ చెరువు ఒకప్పుడు ఈ కోట దాహం తీర్చిందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

రామదాసు బందీఖానాలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, గోడ మీద చెక్కిన సీతారాముల రూపాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పైనున్న చిన్న కంత నుంచి వెలుతురు కొంచెమే పడుతోంది. నాన్న నలభై ఏళ్లు పిల్లలకి కంచెర్ల గోపన్న గురించి పాఠం చెప్పిన మనిషి, పన్నెండేళ్ల చెర అని ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. అక్కడ నిలబడ్డాక మాత్రం గొంతు పెగల్లేదు. బయటికొచ్చాక గైడ్ గారు మెల్లగా అన్నారు, "ఈయనను జైల్ల పెట్టిన తానాషా కూడ ఆఖరికి జైల్లనే పోయిండు సార్. దౌలతాబాద్ కోటల." మెట్ల మీదే కూర్చుని నాన్న దాని గురించి ఆయన్ని పావుగంట అడిగారు. ఈ తీరిక గ్రూప్ టూర్‌లో దొరకదు, ముప్ఫై మంది వెనకాల నిలబడి ఉంటారు.

పైన జగదాంబ మహంకాళి గుడిలో దండం పెట్టుకుని కోట పైన ఉన్న దర్బారు మండపం, బారాదరికి చేరాం. గైడ్ గారు అక్కకి ఫోన్ చేసి, కట్ చేసి, అందరినీ చప్పుడు చెయ్యొద్దన్నారు. నాన్నకి కుడి చెవి సరిగ్గా వినపడదు, మేం మాట్లాడినవే రెండోసారి చెప్పాలి. ఆయన మఫ్లర్ విప్పి ఎడమ చెవి కింది వైపుకి పెట్టి నిలబడ్డారు. ముందు ఏమీ లేదు. తర్వాత టప్, టప్, టప్. చిన్నగా, పొడిగా, రాయి మీద రాయి కొట్టినట్టు. ఆగింది. మళ్లీ మూడు. నాన్న నా చెయ్యి పట్టుకుని, "మీ అక్కేనా?" అన్నారు. కింద ఎవరొచ్చారో పైన కాపలావాళ్లకి తెలియడానికి చేసిన ఏర్పాటు అని అందరికీ తెలిసిందే. కానీ మనవాళ్లు ఒకళ్లు కింద నిలబడి కొడితే వినడం వేరు.

మధ్యాహ్నం భోజనం దగ్గర మొదటి చికాకు. సంస్థవాళ్లు ముందే మాట్లాడిపెట్టిన హోటల్‌కి తీసుకెళ్లారు, బిర్యానీ బాగానే ఉంది. కానీ నాన్న శనివారం మాంసం ముట్టరని బుకింగ్ రోజే చెప్పాను, వాళ్లు రాసుకోలేదు. చివరికి గైడ్ గారే బయటికి వెళ్లి నాలుగు ఇడ్లీ, ఒక పెరుగన్నం పార్సిల్ తెచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

కుతుబ్ షాహీ సమాధుల దగ్గర రెండు గంటలు ఉన్నాం, ఇంకో గంట ఉన్నా బాగుండేది. మీరెవరైనా పదేళ్ల క్రితం చూసి ఉంటే మళ్లీ వెళ్లండి. ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్లు ఏళ్ల తరబడి పని చేసి పాత సిమెంట్ పూతలు తీసేసి, డంగు సున్నంతో మళ్లీ చేశారు. సున్నంలో బెల్లం, మారేడు పండు గుజ్జు కలుపుతారని చెప్తే నాన్న మా ఊరి పాత మిద్దె కూడా అలాగే కట్టారన్నారు. ఆగ్రాలో ఎర్ర రాయి, పాలరాయి, ఇక్కడ నల్లరాయి మీద సున్నపు పని. గుమ్మటం కింద చుట్టూ తామర రేకులు విచ్చుకున్నట్టు ఉంటాయి, అది దక్కన్ పనితనం. 2013 వానలకి కూలిపోయిన పెద్ద బావిని మళ్లీ నిలబెట్టారు, నిండా నీళ్లున్నాయి. మావాడిని అక్కడి నుంచి కదిలించడం కష్టమైంది.

హయాత్ బక్షీ బేగం సమాధి దగ్గర పొద్దున చెప్పిన సంధి కథని గుర్తు చేసి, తర్వాత మమ్మల్ని ఖాళీగా ఉన్న పచ్చిక దగ్గరికి తీసుకెళ్లి, "తానాషా సమాధి ఏది, వెతుకుండ్రి" అన్నారు. మేం నలుగురం నిజంగానే వెతికాం. లేదు. వంశంలో ఆఖరి రాజుకి ముందటి సుల్తానుల పక్కన చోటు దక్కలేదు, దౌలతాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో పూడ్చారు. 1707లో చనిపోయిన ఔరంగజేబు సమాధి కూడా అదే ఖుల్దాబాద్‌లో, గుమ్మటం లేకుండా, ఆకాశం కింద ఉంది. ఓడినవాడూ గెలిచినవాడూ ఒకే ఊళ్లో. ఇది విని నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

చార్మినార్ వైపు వెళ్లేటప్పుడు డ్రైవర్ మెహదీపట్నం రూట్ అన్నాడు, గైడ్ గారు వద్దని కార్వాన్ మీదుగా పొమ్మన్నారు. కోట నుంచి కొత్త నగరానికి పాత దారి అదేనట, వర్తకుల బిడారులు దిగే చోటు కాబట్టే ఆ పేరు. దారిలో 1671లో మూసా ఖాన్ కట్టించిన తోలి మసీదు చూపించారు. దాన్ని దమ్డీ మసీదు అని కూడా అంటారు, మక్కా మసీదు పనికి ఖర్చైన ప్రతి రూపాయి మీదా ఒక దమ్డీ (అప్పటి చిల్లర నాణెం) మిగిల్చి కట్టించాడని కథ. తర్వాత మూసీ మీద 1578 నాటి వంతెన, పురానాపూల్. కారులోంచే చూశాం, ట్రాఫిక్ అలా ఉంది.

ఇక్కడే అసలు గొడవ. పత్తర్‌గట్టీ దగ్గర డ్రైవర్ కారు ఆపి, "ఒక్క ఐదు నిమిషాలు" అంటూ ముత్యాల షాపు ముందు దింపాడు. ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. గైడ్ గారి మొహం చూస్తే తెలిసిపోతోంది, ఆయనకి ఇష్టం లేదు, కానీ సంస్థవాళ్లకి షాపుతో ఏదో లెక్క ఉన్నట్టుంది. ముసలాయన కూర్చోవడానికి కుర్చీ కూడా లేని షాపులో మేమెందుకు నిలబడాలి? నేను గట్టిగా మాట్లాడాక బయల్దేరారు. అప్పటికి ఎండ పోయింది. బుకింగ్ అప్పుడు టికెట్లు కలిపే అన్నారు, ఆఖర్లో వాటికి వేరేగా అడిగారు. కారు ఏసీ పొద్దుటి నుంచీ సరిగ్గా లేదు. ఈ మూడూ రాసి వాళ్లకి మెసేజ్ పెట్టాను, టికెట్ డబ్బులు మాత్రం తిరిగిచ్చారు.

మక్కా మసీదుకి అరగంటే మిగిలింది, నా బాధంతా అదే. ఎందుకంటే రోజంతా వెనకాల నడిచిన కథ అక్కడే పూర్తవుతుంది. 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన మసీదు, ఆయన పోయాక ఇద్దరు సుల్తానులు రాజ్యం చేసినా పూర్తి కాలేదు, 1694లో పూర్తి చేయించింది ఔరంగజేబు. ఆ వంశాన్ని కూలదోసినవాడే వాళ్ల మసీదుకి ఆఖరి రాయి పెట్టించాడు. గైడ్ గారు ముంగిట్లో నిలబెట్టి మినార్ల వైపు చూపించారు. అంత పెద్ద కట్టడానికి అవి పొట్టిగా, తొందరగా ముగించినట్టు ఉంటాయి. చార్మినార్ మినార్లని పక్కనే చూస్తూ వీటిని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మావాడు పావురాలకి గింజలు వేస్తుంటే నాన్న కొలను పక్కన రాతి బల్ల మీద కూర్చున్నారు. దాని మీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్ వస్తారని ఒక నమ్మకం. "నేను వచ్చే నెల ఎలాగూ వస్తున్నా కదా" అన్నారు నాన్న, లేవకుండానే.

మీరు వెళ్లేటట్టయితే, శుక్రవారం పెట్టుకోకండి, మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ ఉంటుంది. కోటకి మూడు గంటలు ఇవ్వండి, పెద్దవాళ్లుంటే నాలుగు. షాపులకి తీసుకెళ్లొద్దని, టికెట్లు ఎవరివో, భోజనం ఏంటో మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పింది నిలవదు. గైడ్ తెలుగులోనే చెప్తారా అని ఒకటికి రెండుసార్లు అడగండి. నాకు ముందు హిందీ, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన వేరే మనిషిని ఇచ్చారు, పట్టుబడితే మార్చారు. పట్టుబట్టకపోతే నాన్నకి ఆ రోజు సగం కూడా అందేది కాదు.

గైడ్‌కి ఐదుకి ఐదు. సంస్థకి రెండు, అది కూడా ఆయన్ని పంపినందుకు. నాన్న ఆయన నంబర్ తన డైరీలో రాసుకుని, నల్గొండ వెళ్లాక కూడా రెండుసార్లు ఫోన్ చేసి మాట్లాడారు. సంక్రాంతి అయ్యాక దౌలతాబాద్, ఖుల్దాబాద్ చూడాలంటున్నారు. కాచిగూడ నుంచి రాత్రి రైలుకి టికెట్లు చూస్తున్నాను, ఈసారి గైడ్‌నీ కారునీ విడివిడిగా మాట్లాడుకుంటాను.