'ఆర్టెమిస్' క్లాస్ప్‌తో ఈయూ సర్వీస్ మెడల్ కొంటున్నారా? ఆగండి, ఇది చదవండి

కలెక్టర్ మిత్రులారా, యూరోపియన్ యూనియన్ మిషన్లలో పనిచేసినవాళ్లకి ఇచ్చే సర్వీస్ మెడల్‌ని ఆర్టెమిస్ క్లాస్ప్ (కాంగోలో జరిగిన ఈయూ సైనిక మిషన్ పేరున్న, రిబ్బన్ మీది పట్టీ), సర్టిఫికెట్‌తో కలిపి సెట్‌గా అమ్ముతున్న ఆ యూరప్ సెల్లర్ జోలికి పోకండి. పేరు రాయను. ఈమధ్య ఈ సెట్ కోసం వెతికినవాళ్లకి ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది.

బిళ్ల బాగానే ఉంది. ముందు పన్నెండు నక్షత్రాలు, వెనక 'ప్రో పాచె ఊనుమ్' అన్న లాటిన్ మాట, అక్షరాల అంచులు పదునుగానే ఉన్నాయి. మోసమంతా కాగితం దగ్గర, రిబ్బన్ మీద పట్టీ దగ్గర.

సర్టిఫికెట్ మీద తేదీ 2003. పైన శీర్షిక చూస్తే 'కామన్ సెక్యూరిటీ అండ్ డిఫెన్స్ పాలసీ'. 2003లో ఆ పేరే లేదు! అప్పుడు అది యూరోపియన్ సెక్యూరిటీ అండ్ డిఫెన్స్ పాలసీ, అంటే ఈఎస్‌డీపీ. లిస్బన్ ఒప్పందం 2009 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చాకే సీఎస్‌డీపీ అయింది. మరి లిస్టింగ్‌లో ఇది ఎందుకు కనపడలేదు? సరిగ్గా ఆ శీర్షిక మీదే మెడల్ పెట్టి ఫొటో తీశారు. తేదీ, సంతకం స్పష్టంగా కనిపిస్తాయి, శీర్షిక మాత్రం రిబ్బన్ కింద ఉంటుంది. ఇది పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. సెల్లర్‌ని అడిగితే వచ్చిన జవాబు: "మెడల్ అసలుదే కదా. కాగితం ఊరికే ఇచ్చాం. చూసుకుని కొనాల్సింది మీరే." ఆ కాగితం పేరు చెప్పే కదా అంత ధర పెట్టింది! ఆ తర్వాత మెసేజ్‌లకి జవాబే లేదు.

ఇక క్లాస్ప్. ఈ మెడల్‌లో బిళ్ల అన్ని మిషన్లకీ ఒకటే. ఏ మిషనో చెప్పేది రిబ్బన్ మీదకి జారే ఆ సన్నటి పట్టీ ఒక్కటే, దాన్ని తీసి ఇంకోటి ఎక్కించడానికి నిమిషం చాలు. బోస్నియాలో ఆల్థియా అనే ఈయూ సైనిక మిషన్ 2004 డిసెంబర్ 2న దాదాపు 7,000 మందితో మొదలై ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి ఆ మెడల్స్ కోకొల్లలు. ఆర్టెమిస్ కాంగోలోని బునియాలో 2003 జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నడిచింది, అంతే. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఫ్రెంచ్ సైనికులు. అందుకే ఆల్థియా మెడల్ చౌకగా కొని, పట్టీ మార్చి ఎన్నో రెట్లకి అమ్ముతున్నారు. పట్టీని కొంచెం పక్కకి జరిపి చూడండి. కింద రిబ్బన్ మీద పాత పట్టీ నొక్కిన గీత వేరే వెడల్పులో ఉంటే అది మార్చిందే. పట్టీ వెనక ఆకురాయి గీతలు కూడా చూడండి.

"అంచు మీద సైనికుడి పేరు చెక్కి ఉంది, ఇదే రుజువు" అంటారు, నమ్మకండి. ఈ మెడల్స్ పేరు లేకుండానే ఇస్తారు, తర్వాత ఎవరైనా చెక్కించుకోవచ్చు. యూవీ లైట్ వేసి చూశామన్నా లెక్కలోకి రాదు. ఈ కాలం దారం ఆ లైట్‌లో మెరుస్తుంది కాబట్టి పాత మెడల్స్‌కి ఆ పరీక్ష పనికొస్తుంది, కానీ 2003 తర్వాత నేసిన రిబ్బన్ అసలుదైనా మెరవచ్చు.

రిబ్బన్ కూడా రెండు రకాలు: హెడ్‌క్వార్టర్స్ అండ్ ఫోర్సెస్ ఒకటి, ప్లానింగ్ అండ్ సపోర్ట్, అంటే మిషన్ జరిగే చోటికి బయట నుంచి సాయపడినవాళ్లది, ఇంకోటి. బునియాలో పనిచేసిన సైనికుడిదని చెప్పి రెండోది పంపితే కథ అబద్ధమే.

కొనేవాళ్లు సర్టిఫికెట్ మీద ఏమీ పెట్టకుండా పూర్తి ఫొటో, క్లాస్ప్ వెనక వైపు ఫొటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. డబ్బు మాత్రం పేపాల్‌లాంటి వాటిలో ఉండే 'స్నేహితులకి పంపడం' పద్ధతిలో పంపొద్దు, అలా పంపితే కొనుగోలు రక్షణ వర్తించదు.